లోగోకి కొలతలేవీ?

ఏటా కమిటీ మారుతుంది. కమిటీతో పాటు యూనియన్ లోగో కూడా మారుతుంది. నిరుడు పుస్తకం మీద దీపం వుండేది. ఈ యేడు ఆ దీపం మీద పావురం వచ్చి వాలింది. మెకానికల్ వాళ్ళ మనసు నొచ్చుకోకుండా చుట్టూ ఓ పళ్ళచక్రం, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు. ఇంతా చేసి, ఇది ఎవరు గీశారయ్యా అంటే సరైన జవాబు రాదు. "సెంటర్లో ఫ్లెక్స్ షాపు కుర్రాడు చేసిచ్చాడు" అంటారు. ఆ కుర్రాణ్ణి అడిగితే "నెట్‌లో దొరికింది సార్, రంగులు మార్చి మీ పేరు పెట్టాను" అంటాడు. అతని తప్పేమీ లేదు. పొద్దుట్నించీ రాత్రిదాకా పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టేవాడికి మన ఆశయాలు తెలుసుకునే తీరిక ఎక్కడిది?

ఇక ఆ లోగో పడే పాట్లు చూడండి. గేటు మీద బ్యానరులో అది సాగదీసిన కోడిగుడ్డులా వుంటుంది. సర్టిఫికెట్ మీద గుండ్రంగా వుంటుంది. రబ్బరు స్టాంపులో నల్లటి మచ్చ. బ్యాడ్జీ మీద పావురం కాస్తా బాతు. ఈ నాలుగూ ఒకటేనని మనం నమ్మాలి, బయటివాళ్ళని నమ్మించాలి.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఒకటే. లోగో అంటే బొమ్మ కాదు, నిర్మాణం. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టుగా దానికీ ప్లాను వుండాలి. ఆ ప్లాను మనమే గీయాలి, మన డ్రాయింగ్ లాబ్‌లోనే గీయాలి, నట్టులూ బోల్టులూ గీసే కాడ్ సాఫ్ట్‌వేర్‌తోనే గీయాలి. ప్రతి గీతకీ కొలత రాసిన షీటు ఒకటి యూనియన్ బీరువాలో వుండాలి. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నవ్వాక కాస్త వినండి.

అందరూ ఎరిగిన జాతీయ పతాకాన్నే తీసుకుందాం. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి పతాకం నమూనా అందించిన సంగతి మనవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కాంగ్రెసు జెండా మీద రాట్నం వుండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభ పతాకాన్ని ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. ఎందుకొచ్చిందో నెహ్రూగారు ఆనాటి సభలోనే చెప్పారు. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు. జెండాని అవతలి వైపునించి చూస్తే అది తారుమారు అవుతుంది. జెండా అన్నాక రెండు వైపులా ఒకేలా కనబడాలి కదా! భావం ఎంత గొప్పదైనా గీతకి గీత నియమం గీతకుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన దీపమూ పావురమూ సగం ఎగిరిపోతాయి.

అంతకన్నా పెద్ద విశేషం మరొకటి వుంది. మన పతాకం ఎక్కడో ఒకచోట దాచిన బొమ్మ కాదు. అది ఒక పట్టిక. 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు వున్న జెండాకి చక్రం వ్యాసం 1295. 900 పొడవు, 600 వెడల్పు జెండాకి 185. అన్నిటికన్నా చిన్నది 150 పొడవు, 100 వెడల్పు, దానికి 25. మొత్తం తొమ్మిది సైజులు. కొలతలున్నాయి కనుక దేశంలో ఎవరు ఎక్కడ కుట్టినా అదే జెండా. కాస్త లెక్కలు చేసే అలవాటున్నవాళ్ళు ఇక్కడ ఆగి చూడండి. పెద్ద జెండాలో చక్రం వ్యాసం వెడల్పులో 31 శాతం దాకా వుంది. అదే నిష్పత్తిలో కుదిస్తే అతి చిన్న జెండాకి 31 మిల్లీమీటర్లు రావాలి. పట్టిక మాత్రం 25 అంటోంది. అంటే చిన్న సైజుని పెద్ద సైజునించి కుదించి తీయలేదు, విడిగా నిర్ణయించారు. మనవాళ్ళేమో నాలుగు మీటర్ల బ్యానరుకీ, రెండు సెంటీమీటర్ల బ్యాడ్జీకీ ఒకే ఫైలుని మూల పట్టుకుని లాగుతారు.

సరే, కొలతలు కావాలి, ఒప్పుకున్నాం. కాడ్ ఎందుకు, లోగోలకి వేరే సాఫ్ట్‌వేర్లు లేవా అంటారు. వున్నాయి. కానీ వాటి పుట్టిల్లు ఏదో తెలిస్తే ఆ ప్రశ్న వేయరు. 1963లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి డాక్టరేటు కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము రాశాడు. తెర మీద లైటు పెన్నుతో గీతలు గీయడం ఒక్కటే కాదు దాని గొప్ప. ఈ రెండు గీతలూ సమాంతరంగా వుండాలి, ఇవి రెండూ సమానంగా వుండాలి అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టేది. ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో కార్ల వంపుల్ని లెక్కల్లోకి ఎక్కించడానికి ఇద్దరు కుస్తీ పడుతున్నారు. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లోనే దారి కనిపెట్టాడు గాని కంపెనీ దాన్ని గుట్టుగా వుంచింది. రెనో కంపెనీలో పియర్ బెజియే తన పద్ధతిని పైకి చెప్పాడు కనుక ఆ వంపుకి ఆయన పేరే నిలిచింది. ఇవాళ లోగోలు గీసే కళాకారులు పెన్ టూలు పట్టుకుని లాగే వంపు అదే బెజియే వంపు. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్ ఆ వంపుల మీదే నడుస్తుంది. కారు డోరు గీయడానికి పుట్టిన గీతతో లోగో గీస్తే కళ, కారు డోరు గీసే సాఫ్ట్‌వేరుతో లోగో గీస్తే నవ్వులాటా?

పైగా గొప్ప లోగోలన్నీ కంప్యూటర్లతో వచ్చినవి కావు. స్టేట్ బ్యాంకు గుర్తు చూడండి. 1971లో అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి చెందిన శేఖర్ కామత్ చేశారు. నిండు వృత్తం, మధ్యలో చిన్న వృత్తం, దానినించి కిందికి ఓ చీలిక. మన ఫస్టియర్ కుర్రాడు ఆటోకాడ్‌లో రెండు సర్కిళ్ళూ రెండు లైన్లూ వేసి ట్రిమ్ చేస్తే అయిపోయింది. పాస్‌బుక్కు మీద ఎంత స్పష్టమో, మేడ మీద బోర్డులోనూ అంతే స్పష్టం. అయితే ఆ రెండు వృత్తాలకే దారి తీసిన ఆలోచన ట్రిమ్ చేస్తే రాదు. అది కాగితం మీద పెన్సిలుతో వంద గీసి తొంభైతొమ్మిది చింపేస్తే వచ్చేది. కాడ్ ముందు కూర్చోవడానికి ముందే ఆ చింపుడు కార్యక్రమం ముగియాలి. ఇది మన ఉత్సాహవంతులు మరిచిపోతారు. తెర తెరవగానే సర్కిల్ కొడతారు!

కాడ్ మనకి చేసే మేలు ఎక్కడంటే నిర్ణయాలు దాటవేయనివ్వదు. "ఓ మాదిరి వంపు" అంటే దానికి అర్థం కాదు. వ్యాసార్థం ఎంత అని అడుగుతుంది. అందుకని మొదట ఒక మూలకొలత పెట్టుకోవాలి. గీత మందం ఒక పాలు అనుకుంటే, గీతకీ గీతకీ మధ్య ఖాళీ కూడా ఒక పాలు, లోపలి వృత్తం ఆరు పాళ్ళు, బయటిది పది పాళ్ళు. ఇలా అనుకున్నాక ఏ కొలత మార్చినా ఎందుకు మార్చామో చెప్పుకోవాల్సి వస్తుంది. ఏడు డిపార్టుమెంట్లకి ఏడు రేకులు కావాలని కమిటీ తీర్మానించిందనుకోండి. స్కేలూ కంపాసులతో వృత్తాన్ని కచ్చితంగా ఏడు భాగాలు చేయడం సాధ్యం కాదని గణితజ్ఞులు ఏనాడో తేల్చారు. డ్రాయింగ్ హాల్లో మనం చేసేదంతా ఉజ్జాయింపే. కాడ్‌లో ఒక రేకు గీసి, పోలార్ ఎరే ఇచ్చి, 7 అని కొడితే చాలు. అశోకచక్రం ఆకులు 24, ఒక్కోదానికి 15 డిగ్రీలు. ఇదే సంగతి ఇప్పుడు చలామణిలో వున్న కృత్రిమ మేధ బొమ్మల యంత్రాన్ని అడిగి చూసి, అది ఇచ్చిన చక్రానికి ఆకులు ఓపిగ్గా లెక్కపెట్టండి. లెక్క తప్పినా దానికి చీమ కుట్టినట్టుండదు. రేపు మళ్ళీ అదే లోగో ఇమ్మంటే ఇంకోటి ఇస్తుంది, అది వేరే సంగతి.

కాడ్‌తో లోగో గీయబోయేవాళ్ళు ఒక గోతిలో పడకుండా చూసుకోవాలి. కాడ్‌లో గీతకి ఒళ్ళు లేదు. అది మధ్యరేఖ మాత్రమే. లైన్‌వెయిట్ అని మనం ఇచ్చే మందం అచ్చు తీసేటప్పుడు తగిలించే తొడుగు. బొమ్మని వంద రెట్లు చేసినా ఆ మందం అర మిల్లీమీటరు అర మిల్లీమీటరుగానే వుండిపోతుంది. రెండు మీటర్ల బోర్డు మీద లోగో సాలెగూడులా తేలుతుంది. అంచేత మధ్యరేఖకి అటూ ఇటూ ఆఫ్‌సెట్ తీసి, చివరలు మూసి, లోపల సాలిడ్ హాచ్ నింపాలి. అప్పుడు గీత కూడా ఒక ఆకారం అవుతుంది. స్టిక్కరు కోసే యంత్రానికీ, చెక్క మీదా ఇత్తడి మీదా చెక్కే యంత్రానికీ కావలసింది కూడా ఈ మూసిన హద్దులే. డి.ఎక్స్.ఎఫ్. ఫైలు ఒక్కటి చేతిలో వుంటే షీల్డులూ, గేటు ఆర్చీ, బ్యాడ్జీ అన్నీ అందులోంచే వస్తాయి. రంగుల విషయంలో మాత్రం కాడ్ ఎందుకూ కొరగాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. గీత తేలాక ఇంక్‌స్కేప్‌లోకి తీసుకెళ్ళి రంగులు నింపుకోవాలి.

ఇక అసలైన ఆక్షేపణ. ఫైన్ ఆర్ట్స్ మిత్రులు కొందరు "కాడ్‌లో గీసిన గీతకి ప్రాణం వుండదండీ" అంటారు. ఇందులో సగం నిజం వుంది. ఆ సగం ఎందుకు నిజమో సివిల్ వాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తిన్నని పట్టాల మీద పోయే రైలుని ఒక్కసారిగా వృత్తంలోకి తిప్పితే ఏమౌతుంది? కుదుపు. అందుకని తిన్నని దారికీ వంపుకీ నడుమ ట్రాన్సిషన్ కర్వ్ వేస్తారు. వంపు సున్నానించి మొదలై మెల్లగా పెరుగుతుంది. మన రైల్వేలో దానికి క్యూబిక్ పారాబొలా వాడతారు. లోగోలో సరళరేఖకి ఫిల్లెట్ కొట్టి చాపం అతికిస్తే స్పర్శరేఖ కలుస్తుంది గాని వంపు ఒక్క గంతున మారుతుంది. గీత వెంట పోయే చూపుకి అక్కడ అదే కుదుపు తగులుతుంది. చూసేవాడికి కారణం తెలియదు, అక్కడేదో కీలులా ఉబ్బినట్టుందే అనుకుంటాడు. ప్రాణం లేకపోవడమంటే ఇదే. దీనికి మందు కూడా కాడ్‌లోనే వుంది. ఆటోకాడ్‌లో బ్లెండ్ అనే ఆజ్ఞ ఇచ్చి స్మూత్ అని ఎంచుకుంటే, లేదా స్ప్లైన్‌తో కలిపితే, ఆ కుదుపు పోతుంది. రైలుకి చేసిన మర్యాద కంటికి కూడా చేయమంటున్నాను, అంతే.

కన్ను కొలబద్ద కాదు. నూరు పాళ్ళ చదరం పక్కన నూరు పాళ్ళ వృత్తం పెట్టండి, వృత్తం చిన్నదిగా కనిపిస్తుంది. అక్షరాలు దిద్దేవాళ్ళు గుండ్రని అక్షరాన్ని గీతకి పైనా కిందా కొంచెం దాటనిచ్చేది అందుకే. అడ్డగీత, నిలువుగీత ఒకే మందంలో గీస్తే అడ్డగీత లావుగా అనిపిస్తుంది. గుండ్రం మధ్యలో పక్కకి తిరిగిన త్రిభుజం పెట్టి, నడిమధ్యకి నడిమధ్య కలిపితే అది వెనక్కి జరిగినట్టుంటుంది. సమబాహు త్రిభుజానికి గురుత్వకేంద్రం పీఠంనించి మూడోవంతు ఎత్తులో వుంటుందని మెకానిక్స్‌లో చదివాం కదా, ఆ బిందువుని వృత్తకేంద్రం మీద పెట్టండి, కుదురుకుంటుంది. ఇలా కంటికోసం చేసిన సవరణ కూడా షీటు మీద అంకెగా ఎక్కాలి. ఈ మధ్య ఇంకో వేషం బయల్దేరింది. గీయడం అంతా అయిపోయాక లోగో మీద పాతిక వృత్తాలు పరిచి, "స్వర్ణ నిష్పత్తి" అని పేరు పెట్టి తెర మీద చూపిస్తారు. పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టు! ఆ వృత్తాల్లోంచి గీత పుడితే దానికి విలువ వుంటుంది. గీత మీద వృత్తాలు తర్వాత వాలితే అది పూత.

తెలుగు అక్షరాల దగ్గరికి వద్దాం. నా మటుకు నాకు ఇదే ముఖ్యం. మన యూనియన్ పేరు లోగోలో తెలుగులో వుండాలని అందరూ అంటారు. చివరికి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలు చుట్టూ వంపు తిరిగి వుంటాయి, తెలుగు అడుగున ఎక్కడో కంప్యూటరు ఇచ్చిన అచ్చుతో కుక్కి వుంటుంది. కారణం లేకపోలేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు పైగీతకీ కిందిగీతకీ మధ్య బుద్ధిగా నిలబడతాయి. తెలుగుకి పైన గుడులు, కొమ్ములు, తలకట్లు, కింద వత్తులు. "విద్యార్థి" అన్న ఒక్క మాట చూడండి. 'వి' మీద గుడి, 'ద' కింద య వత్తు, 'ర' మీద గుడి, కింద థ వత్తు. ఆ వత్తు కడుపులో మళ్ళీ ఓ చుక్క. రెండు సెంటీమీటర్ల బ్యాడ్జీ మీద ఆ చుక్క, దాని చుట్టూ వున్న ఖాళీ కలిసిపోయి సిరామరకగా మారతాయి. ఇంగ్లీషు కోసం వదిలిన పట్టీలో తెలుగుని కూర్చోబెడితే ఊపిరాడక చస్తుంది. పట్టీ వెడల్పు తెలుగుకే ముందు లెక్కవేయాలి, ఇంగ్లీషు దాంట్లో సుఖంగా ఇముడుతుంది.

తెలుగు అక్షరాలు గుండ్రం కదా, కాడ్‌లో సర్కిళ్ళు వేస్తే వచ్చేస్తాయి అనుకునేవాళ్ళకి ఒక మాట. సున్న తప్ప నికరమైన వృత్తం మన లిపిలో ఎంతని? 'ర' గుండ్రమే, కానీ చేత్తో రాసేటప్పుడు ఒక చోట మొదలై ఇంకోచోట మలుపు తిరుగుతుంది, ఆ మలుపులోనే దాని అందం. తలకట్టు టిక్కు గుర్తులాంటిది, సన్నగా దిగి లావుగా లేస్తుంది. ఆటోకాడ్‌లో పాలీలైనుకి మొదటి మందం ఒకటి, చివరి మందం ఒకటి ఇవ్వవచ్చు; తలకట్టుకి అది చక్కగా పనికొస్తుంది. మిగతా అక్షరాన్ని మాత్రం మంచి చేతిరాత గల మిత్రుడిచేత పెద్దగా, తెల్లకాగితం మీద రాయించి, ఫోటో తీసి, అడుగున పరుచుకుని, దాని మీద స్ప్లైన్‌తో పోవాలి. వీలైనన్ని తక్కువ బిందువులతో పోవాలి. బిందువులు పెరిగేకొద్దీ గీత వణుకుతుంది. మన కాలేజీలో బోర్డుల మీద వ్రాసే చేతులకి కొదవ లేదు. యూనియన్ లోగోలో అలాంటి ఒక చేతిరాత నిలవడం కన్నా ఆ విద్యార్థికి గౌరవం ఏముంటుంది?

ఖర్చు సంగతి. ఫ్లెక్స్ షాపుకి ఏటా ఇచ్చేది చిన్న మొత్తమే, దాని గురించి నేను గోల చేయడం లేదు. కాకపోతే ఆ షాపులో వుండిపోయిన ఫైలు షాపుదే. "సిస్టమ్ ఫార్మాట్ కొట్టారన్నా, వాట్సాప్‌లో వుంటే పంపండి, ట్రేస్ చేసిస్తా" అనే మాట మనలో వినని కల్చరల్ సెక్రటరీ వుండడు. వాట్సాప్‌లో నలిగిన బొమ్మని ట్రేస్ చేస్తే ఏమొస్తుందో ఈ యేటి బ్యానరు చూడండి చాలు. ఆటోకాడ్‌ని విద్యార్థులకి చదువు నిమిత్తం ఉచితంగా ఇస్తారు, కానీ అది చదువు నిమిత్తమే. అందుకని నేర్చుకోవడానికి అది, యూనియన్ పనికి లిబ్రెకాడ్. ఇది పూర్తిగా ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు, పాత డొక్కు కంప్యూటరు మీద కూడా నడుస్తుంది.

ఫైలు వుంటే చాలదా, కాగితం షీటు దేనికి అంటారా? సాఫ్ట్‌వేర్లు పోతాయి. పదేళ్ళ కిందటి సి.డి. ఇప్పుడు పెట్టి చూద్దామంటే డ్రైవు వున్న కంప్యూటరు దొరకడం లేదు. కాగితం మీద వ్యాసం 100, మందం 6, కోణం 15 అని రాసి వుంటే, పాతికేళ్ళ తర్వాత వచ్చే జూనియరు ఏ సాఫ్ట్‌వేరులోనైనా, అదీ లేకపోతే డ్రాఫ్టరు బిగించుకుని బోర్డు మీదైనా ఒక్క పూటలో అదే లోగో గీసుకుంటాడు.

కమిటీ ముందు నేను పెట్టే ప్రతిపాదన ఇది. ఎ2 సైజు షీటు. ఎడమవైపు పెద్ద లోగో, అన్ని కొలతలతో. కుడివైపు పైన బ్యాడ్జీకీ స్టాంపుకీ విడిగా గీసిన చిన్న లోగో. అందులో వత్తులు తేలేటట్టు గీతలు తగ్గించి వుండాలి. దాని కింద రంగుల అంకెలు, నలుపు తెలుపులో ఎలా వుండాలో ఒక నమూనా. అడుగున టైటిల్ బ్లాకులో ఊహించినవారి పేరు, అక్షరాలు రాసినవారి పేరు, కాడ్‌లో గీసినవారి పేరు, తేదీ. ఒక ప్రతి యూనియన్ బీరువాలో, ఒకటి లైబ్రరీలో. జనరల్ బాడీలో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తితే తప్ప ఏ కమిటీ దాన్ని ముట్టుకోకూడదు. ముందు అన్ని బ్రాంచీలనించీ పెన్సిలు బొమ్మలు పిలుద్దాం, గోడ మీద వారం రోజులు అంటిద్దాం, దారిన పోయే ప్రతివాడూ విమర్శించనీండి. కాడ్ పని తర్వాత. శనివారాలు మధ్యాహ్నం డ్రాయింగ్ లాబ్ ఖాళీగానే వుంటోంది. లాబ్ అసిస్టెంటు గారిని నేను అడిగాను, తాళం ఇస్తామన్నారు.